కెడావర్ కిడ్నీకి కణజాల పొంతన ఎంతవరకు చూసుకోవాలి?

గోపాలపట్నం తమ్ముడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా అన్నయ్యకు 38 సంవత్సరాలు. పరవాడలో ఒక మందుల కర్మాగారంలో పనిచేసేవాడు. అధిక రక్తపోటు వల్ల రెండు మూత్రపిండాలూ పాడైపోయి, రెండున్నరేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ మీద ఉన్నాడు. రక్త గ్రూపు బి పాజిటివ్. అమ్మకు మధుమేహం ఉంది, నాన్నగారికి గుండె జబ్బు ఉంది, నాకు ఇదివరకే రెండుసార్లు కిడ్నీలో రాళ్లు వచ్చాయి, వదినది ఏ పాజిటివ్. ఇంట్లో ఇచ్చేవాళ్లు లేకపోవడంతో రాష్ట్ర ప్రభుత్వ అవయవదాన పథకమైన జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించి ఎదురుచూస్తున్నాం.

గత నెలలో ఒక రాత్రి పదకొండు గంటలకు నగరంలోని ఒక ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. జీవన్మృతుడైన, అంటే మెదడు మరణించిన ఒక దాత కిడ్నీ (కెడావర్ కిడ్నీ) ఉందని, ఏమీ తినకుండా వెంటనే రావాలని చెప్పారు. మాతోపాటు మరో ఇద్దరిని కూడా పిలిచారు. రక్తం తీసుకున్నారు, రాత్రంతా వరండాలో కూర్చున్నాం. తెల్లవారుజామున "క్రాస్ మ్యాచ్ పాజిటివ్ వచ్చింది, మీకు కుదరదు" అని ఒక్క మాట చెప్పి పంపించేశారు. పాజిటివ్ అంటే మంచిదే కదా అని అమ్మ అడిగితే సమాధానం చెప్పడానికి అక్కడ ఎవరూ నిలబడలేదు. ఆ కిడ్నీని మాతో వచ్చినవారిలో ఒకరికి అమర్చారు. ఆయనకు కణజాల గుర్తులు ఆరింటిలో ఒక్కటే కలిసిందని తరువాత మా డయాలసిస్ కేంద్రంలో విన్నాం.

అప్పటినుంచి ఇంట్లో ఇదే చర్చ. ఆరింటిలో కనీసం నాలుగైనా కలిసే కిడ్నీ వచ్చేదాకా ఆగుదామని, ఒకటీ రెండూ కలిసిన కిడ్నీ పెట్టించుకుంటే నాలుగేళ్లకే పోతుందని నాన్నగారి అభిప్రాయం. అన్నయ్య మాత్రం ఏది వస్తే అది తీసుకుంటానంటున్నాడు. క్రాస్ మ్యాచ్, టిష్యూ మ్యాచింగ్ ఒకటేనా? పొంతన తక్కువైతే కిడ్నీ ఎంత త్వరగా చెడిపోతుంది? మంచి పొంతన కోసం ఆగడం వల్ల నిజంగా మేలు ఉంటుందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని ప్రార్థన.

పరీక్షశాల

తమ్ముడు గారూ, నేను కణజాల పరీక్షలు చేసే ప్రయోగశాలలో చాలాకాలంగా పనిచేస్తున్నాను. మీరు అడిగినవాటిలో మొదటిదే అన్నిటికీ మూలం కాబట్టి దాన్ని నిదానంగా చెబుతాను.

క్రాస్ మ్యాచ్, టిష్యూ మ్యాచింగ్ ఒకటి కావు. మన శరీరంలోని కణాలపైన హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తులు ఉంటాయి. వీటిని నిర్ణయించే జన్యువులు ఆరో క్రోమోజోము మీద ఒకచోట గుంపుగా ఉండి, తండ్రి నుంచి ఒక వరుస, తల్లి నుంచి ఒక వరుస మొత్తంగా వస్తాయి. కిడ్నీ మార్పిడిలో ఎక్కువకాలంగా లెక్కపెడుతున్నవి ఏ, బి, డీఆర్ అనే మూడు రకాలు. ఒక్కొక్కటి రెండేసి చొప్పున ఆరు. "ఆరింటిలో ఒకటి కలిసింది" అనే మాట ఇక్కడినుంచే వచ్చింది. ఇది టైపింగ్, అంటే దాతవి ఏ గుర్తులో, గ్రహీతవి ఏ గుర్తులో చదివి పక్కపక్కన పెట్టి చూడడం.

క్రాస్ మ్యాచ్ అలా పేర్లు పోల్చడం కాదు. గ్రహీత రక్తంలోని సీరాన్ని (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని) తీసుకుని, దాత రక్తం నుంచో శోషరస గ్రంథి నుంచో ప్లీహం నుంచో వేరుచేసిన లింఫోసైట్లతో (ఒక రకం తెల్ల కణాలతో) కలిపి, దానికి కాంప్లిమెంట్ (ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు, అంటుకున్న కణాలను చంపే ప్రోటీన్లు) చేర్చి, ఆ కణాలు చస్తున్నాయా బతికున్నాయా అని సూక్ష్మదర్శినిలో చూస్తాం. గ్రహీత రక్తంలో ఆ దాత గుర్తులకు వ్యతిరేకమైన ప్రతిరక్షకాలు ముందే తయారై ఉంటే కణాలు చచ్చిపోతాయి. అదే పాజిటివ్. పాజిటివ్ అంటే శుభవార్త కాదని మీ అమ్మగారికి ఆ రాత్రే ఎవరైనా చెప్పి ఉండవలసింది.

1969లో పటేల్, టెరసాకి అనే ఇద్దరు ప్రచురించిన లెక్క ఈ రంగంలో ఉన్నవాళ్లం ఎవరమూ మరచిపోము. క్రాస్ మ్యాచ్ పాజిటివ్‌గా ఉన్నా మార్పిడి జరిగిన 30 మందిలో 24 మందికి కిడ్నీ వెంటనే చెడిపోయింది. నెగటివ్ వచ్చిన 195 మందిలో అలా జరిగింది 8 మందికే. అంటే రక్తప్రసారం కలిపిన కొద్ది నిమిషాల్లోనో గంటల్లోనో, బల్లమీదే కిడ్నీ నల్లబడిపోయే ప్రమాదం. అందుకే మిమ్మల్ని వెనక్కి పంపిన నిర్ణయం మీ అన్నగారికి మేలే చేసింది. ఆ రాత్రి కిడ్నీ అందుకున్న రోగికి ఆరింటిలో ఒక్కటే కలిసినా, ఆయన రక్తంలో ఆ దాతకు వ్యతిరేకమైన ప్రతిరక్షకాలు లేవు కాబట్టి ఆయనకు అమర్చగలిగారు. పొంతన తక్కువైతే మందులతో నెట్టుకురావచ్చు. ముందే ఉన్న ప్రతిరక్షకాలను మాత్రం ఆ రాత్రికి రాత్రి మందులతో అదుపు చేయలేం.

ఇక్కడ మీరు గమనించవలసింది మరొకటి ఉంది. ఒక దాతతో పాజిటివ్ వచ్చినంత మాత్రాన అందరితోనూ పాజిటివ్ వస్తుందని కాదు. మీ అన్నగారి రక్తంలో ఏ గుర్తులకు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు ఉన్నాయో ల్యూమినెక్స్ పూసల మీద చేసే పరీక్షలో పేరుపేరునా తెలుస్తుంది. వందమంది దాతలలో ఎందరి గుర్తులకు ఆయన శరీరం ఎదురుతిరుగుతుందో పీఆర్‌ఏ శాతం చెబుతుంది. ఆ వివరం ముందే చేతిలో ఉంటే, దాత టైపింగ్ చూడగానే ఈ కిడ్నీ ఆయనకు పనికిరాదని కాగితం మీదే తెలిసిపోతుంది, మీకు ఆ వరండా జాగారం తప్పుతుంది. అరుదుగా, తన కణాలమీదే పనిచేసే హానిలేని ప్రతిరక్షకాల వల్ల కూడా పాజిటివ్ వస్తుంది. దానిని వేరుచేసి చూడడానికి డీటీటీ అనే రసాయనంతో సీరాన్ని శుద్ధిచేసి మళ్లీ పరీక్షిస్తాం. మీ అన్నగారి విషయంలో అది చేశారో లేదో అడిగి తెలుసుకోండి.

ఒక ప్రశ్న. డయాలసిస్ మొదలైన రోజుల్లో ఆయనకు రక్తం ఎక్కించారా? పురుషులలో, మునుపు మార్పిడి జరగనివారిలో, ఇలాంటి ప్రతిరక్షకాలు తయారు కావడానికి సాధారణంగా అదే కారణం. స్త్రీలలో గర్భం కూడా కారణమవుతుంది.

గాజువాక గృహిణి

నాకు కెడావర్ కిడ్నీ అమర్చి తొమ్మిదేళ్లు దాటింది. ఆరింటిలో కలిసింది ఒక్కటే. ఇవాళ్టికి నా క్రియాటినిన్ (కిడ్నీ సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) 1.3. అందరికీ ఇలాగే ఉంటుందని చెప్పడానికి కాదు, మీ నాన్నగారికి ఒక మనిషి కథగా చెప్పమని రాస్తున్నాను.

నాకు కిడ్నీ అమర్చాక మొదటి ఎనిమిది రోజులు మూత్రం సరిగా రాలేదు. "కిడ్నీ ఇంకా నిద్రలోనే ఉంది, లేస్తుంది" అని డాక్టరుగారు రోజూ చెప్పేవారు. మధ్యలో రెండుసార్లు డయాలసిస్ కూడా చేశారు. పొంతన లేకపోవడం వల్లే ఇలా అయిందని మా అత్తగారు ఏడ్చారు. నిజానికి దాత శరీరం నుంచి తీసినప్పటినుంచి నాకు అమర్చేదాకా అది మంచులో ఎక్కువసేపు ఉండడం దానికి ముఖ్యకారణమని తరువాత తెలిసింది. తొమ్మిదో రోజున మూత్రం ధారగా వచ్చింది.

నాలుగో నెలలో తిరస్కరణ వచ్చింది, అంటే నా శరీరం ఆ కిడ్నీ మీద తిరగబడింది. అది మాత్రం నా పొరపాటు. ఊళ్లో పెళ్లికి వెళ్లి, విరేచనాలు పట్టుకుని, మూడు రోజులు టాక్రోలిమస్ (తిరస్కరణను ఆపే మందు) సరిగా వేసుకోలేదు. క్రియాటినిన్ రెండున్నర దాటింది. సూది గుచ్చి కిడ్నీ ముక్క తీసి పరీక్షించి, మూడు రోజులు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చి దారికి తెచ్చారు. ఆనాటినుంచి ఉదయం ఎనిమిది, రాత్రి ఎనిమిది అన్నది మా ఇంట్లో దీపం పెట్టే వేళకంటే కచ్చితంగా సాగుతుంది. రక్తంలో మందు స్థాయి చూపించుకునే రోజున ఉదయం మోతాదు వేసుకోకుండా రక్తం ఇచ్చి, ఆ తరువాతే వేసుకుంటాను. పొంతన తక్కువ ఉన్నవాళ్లం మాత్రలతో ఆటలాడకూడదని నాకు అప్పుడే అర్థమైంది.

నాకు కిడ్నీ ఇచ్చినవారెవరో నాకు చెప్పలేదు, చెప్పరు కూడా. చిన్న వయసని మాత్రం తెలుసు. ఆ ఇంటివాళ్లు ఆ రాత్రి ఒప్పుకోకపోతే నేను ఇప్పటికీ అదే కుర్చీలో డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా చేయి చాపుకుని కూర్చుని ఉండేదాన్ని.

మహారాణిపేట వైద్యుడు

నేను మూత్రపిండ వ్యాధుల వైద్యుడిగా పదవీ విరమణ చేశాను. తమ్ముడు గారి రెండో ప్రశ్నకు, మూడో ప్రశ్నకు అంకెలతో సమాధానం చెప్పడం మంచిదనిపించింది. మీ నాన్నగారి మాటలో సగం నిజం ఉంది. ఆ సగాన్ని ముందు ఒప్పుకుందాం.

అమెరికాలో 1987 నుంచి, పూర్తిగా కలిసిన కెడావర్ కిడ్నీని దేశంలో ఎంత దూరంలో ఉన్న రోగికైనా పంపే పద్ధతి పెట్టారు. పన్నెండేళ్ల అనుభవాన్ని 2000లో ప్రచురించినప్పుడు, పొంతన కుదిరిన కిడ్నీలలో పదేళ్ల తరువాత 52 శాతం, కుదరనివాటిలో 37 శాతం పనిచేస్తాయని అంచనా కట్టారు. 2016లో వచ్చిన మరో పెద్ద విశ్లేషణలో, మొదటిసారి కెడావర్ కిడ్నీ అమర్చుకున్న పెద్దలను లెక్కలోకి తీసుకుని చూస్తే, అన్నీ కలిసినవారితో పోల్చినప్పుడు ఒక్క గుర్తు కలవకపోతే కిడ్నీ చెడిపోయే ప్రమాదం 13 శాతం, ఆరూ కలవకపోతే 64 శాతం ఎక్కువగా ఉంది. కాబట్టి ఈ కాలపు మందులు వచ్చాక పొంతనతో పనే లేదని ఎవరైనా అంటే అది సరికాదు. మూడింటిలోనూ డీఆర్ కలవడం ఎక్కువ ముఖ్యం.

ఇప్పుడు మిగతా సగం. మొదట చెప్పిన అధ్యయనంలో దాదాపు 89 వేల మార్పిడులు ఉంటే, పొంతన కుదిరినవి 7,614 మాత్రమే. అంత పెద్ద దేశం మొత్తాన్ని ఒకే జాబితాగా చేసి వెదికినా పదిమందిలో ఒక్కరికి కూడా దొరకలేదన్నమాట. మన రాష్ట్రంలో జీవన్మృతుల నుంచి లభించే కిడ్నీల సంఖ్యకు, ఎదురుచూసేవారి సంఖ్యకు ఉన్న దూరం మీకు తెలిసినదే. అందులో బి గ్రూపు దాత కావాలి, మీ వంతు రావాలి, క్రాస్ మ్యాచ్ నెగటివ్ కావాలి. దానిపైన నాలుగు గుర్తులు కలవాలని షరతు పెడితే ఎన్నేళ్లు ఆగాలో మీరే ఊహించండి. మన దేశంలో కేటాయింపు సాధారణంగా రక్త గ్రూపును, డయాలసిస్ మీద గడిపిన కాలాన్ని, ఇంకా కొన్ని పరిస్థితులను చూసి జరుగుతుందే తప్ప గుర్తుల సంఖ్యను బట్టి జరగదు. దాత గుండె కొట్టుకుంటున్న కొద్ది గంటల వ్యవధిలో అన్నీ పూర్తి కావాలి.

ఆగడానికి చెల్లించే మూల్యమేమిటి? దీనికి నేను ఎంతో విలువనిచ్చే అధ్యయనం ఒకటి ఉంది. ఒకే దాత నుంచి తీసిన రెండు కిడ్నీలూ ఇద్దరు వేర్వేరు రోగులకు వెళ్తాయి కదా. వారిలో ఒకరు డయాలసిస్ మీద ఆరు నెలలలోపే గడిపి, మరొకరు రెండేళ్లకు పైగా గడిపిన జంటలను ఏరి చూశారు. 2002లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, పదేళ్ల తరువాత మొదటివారి కిడ్నీలలో 63 శాతం, రెండోవారివి 29 శాతం మాత్రమే పనిచేస్తున్నాయి. దాత ఒకరే, కిడ్నీలు ఒకే శరీరానివి, మధ్యలో తేడా గ్రహీతలలోనే ఉంది. ఎక్కువకాలం డయాలసిస్ మీద ఉన్నవారిలో ఇతర బలహీనతలు కూడా ఉండే మాట నిజమే కాబట్టి తేడా అంతా కాలానిదేనని నేను అనను. కానీ పొంతన వల్ల వచ్చే 52కు 37కు మధ్య తేడాను, దీనిని పక్కపక్కన పెట్టి చూడండి. నాలుగు గుర్తుల కోసం ఇంకో మూడేళ్లు ఆగితే, ఆ పొంతన వల్ల దక్కేదానికంటే ఆ మూడేళ్లలో గుండె, రక్తనాళాలు పోగొట్టుకునేది ఎక్కువ కావచ్చు.

ప్రాణం లెక్క కూడా చెప్పాలి. మార్పిడి జరిగిన మొదటి రెండు వారాలలో మరణించే ప్రమాదం, జాబితాలో ఆగి ఉన్నవారికంటే 2.8 రెట్లు ఎక్కువని 1999లో అమెరికాలో వచ్చిన అధ్యయనం చెప్పింది. శస్త్రచికిత్స శస్త్రచికిత్సే. అయితే దీర్ఘకాలంలో అదే ప్రమాదం 68 శాతం తక్కువగా తేలింది.

పొంతన ఒక్కటే కిడ్నీ ఆయుష్షును నిర్ణయించదని చెప్పే సాక్ష్యం 1995లోనే వచ్చింది. భార్యాభర్తల మధ్య మార్పిడి జరిగిన కిడ్నీలలో మూడేళ్ల తరువాత 85 శాతం, తల్లిదండ్రులు ఇచ్చినవాటిలో 82 శాతం, కెడావర్ కిడ్నీలలో 70 శాతం పనిచేస్తున్నాయి. భార్యాభర్తలకు రక్తసంబంధం లేదు, గుర్తులు పెద్దగా కలవవు, అయినా ఆ కిడ్నీ నిలబడింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి నుంచి తీసి, పక్క గదిలోనే వెంటనే అమర్చడం వల్ల అది దెబ్బతినదు. మెదడు మరణించిన శరీరంలో కిడ్నీ ముందే కొంత గాయపడుతుంది, తరువాత మంచుపెట్టెలో ప్రయాణం చేస్తుంది. కాబట్టి ఆ ఫోన్ వచ్చినప్పుడు మీరు అడగవలసినవి దాత వయసు ఎంత, క్రియాటినిన్ ఎంత, అధిక రక్తపోటు ఉండేదా, కిడ్నీ బయట ఎంతసేపు ఉంటుంది అన్నవి. గుర్తులు ఎన్ని కలిశాయన్నది ఆ తరువాత అడగండి. మీ అన్నగారి స్థానంలో నా కొడుకు ఉంటే, క్రాస్ మ్యాచ్ నెగటివ్ వచ్చి దాత కిడ్నీ మంచిదైతే, ఒకటే కలిసినా ఒప్పుకోమని చెబుతాను.

సోంపేట తండ్రి

డాక్టరు గారి మాటలపై గౌరవంతోనే ఒక సందేహం తెలుపుతున్నాను. మాది ఉద్దానం. మా చుట్టుపక్కల ఊళ్లలో కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. మా అమ్మాయికి 16 ఏళ్లు, డయాలసిస్ మొదలై నాలుగు నెలలైంది, వైద్యానికి విశాఖపట్నం వచ్చిపోతున్నాం. నా భార్య కిడ్నీ ఇవ్వడానికి సిద్ధంగా ఉంది, ఆమెతో మూడు కలిశాయి. "కెడావర్‌లోనూ మూడు కలిస్తే ఒకటే కదా, తల్లి శరీరానికి కోత ఎందుకు" అని బంధువులు అంటున్నారు. పదహారేళ్ల పిల్లకు కూడా ఏది వస్తే అది తీసుకోమనే మీ సలహా వర్తిస్తుందా?

పరీక్షశాల

సోంపేట తండ్రి గారూ, వర్తించదు, మీరు అడిగి మంచి పని చేశారు. మీ అమ్మాయి ముందు యాభై, అరవై ఏళ్ల జీవితం ఉంది. ఒక్క కిడ్నీతో అంతకాలం గడవకపోవచ్చు, రెండో మార్పిడి అవసరమయ్యే అవకాశం ఎక్కువ. మొదటి కిడ్నీలో కలవని గుర్తులు ఎన్ని ఉంటే, అది చెడిపోయేనాటికి వాటికి వ్యతిరేకంగా అన్ని ప్రతిరక్షకాలు తయారు కావచ్చు, అప్పుడు రెండో దాత దొరకడం కష్టమవుతుంది. చిన్న వయసువారి విషయంలో పొంతనకు, ముఖ్యంగా డీఆర్‌కు, ఎక్కువ విలువ ఇవ్వడానికి కారణం ఇదే.

మీ బంధువుల లెక్కలో ఒక పొరపాటు ఉంది. తల్లితో మూడు కలిశాయంటే ఒక వరుస మొత్తం, తల్లి నుంచి బిడ్డకు దిగినది దిగినట్లుగా కలిసిందని అర్థం. ఆ వరుసలో ఏ, బి మధ్య ఉన్న సి, డీఆర్ పక్కనున్న డీక్యూ వంటివి కూడా సాధారణంగా ఒకటే అవుతాయి. దారిన పోయే ఇద్దరికి మూడు గుర్తులు కలిస్తే అవి చెల్లాచెదురుగా కలిసిన మూడు. మనం లెక్కపెట్టని చోట ఎంత తేడా ఉందో ఆ మూడు అంకె చెప్పదు. మార్పిడి తరువాత కొత్తగా పుట్టే ప్రతిరక్షకాలలో డీక్యూకు వ్యతిరేకమైనవే ఎక్కువగా కనిపిస్తాయి. కాబట్టి తల్లి మూడు, కెడావర్ మూడు ఒకటి కావు. తల్లి ఆరోగ్యం బాగుందని వైద్యులు ధ్రువీకరిస్తే మీకు ఉన్నది మంచి అవకాశం. తల్లి అభిప్రాయమే ఇక్కడ మొదటిది, బంధువులది కాదు.

మరొక మాట, అమ్మాయికి హిమోగ్లోబిన్ తగ్గితే రక్తం ఎక్కించే ముందు రక్తం పెంచే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లతో, ఐరన్‌తో గట్టెక్కే వీలుందేమో వైద్యులను అడగండి. తప్పనిసరి అయితే తెల్ల కణాలు తొలగించిన రక్తం కోరండి. నెలసరి ఉన్న ఆడపిల్లలకు హిమోగ్లోబిన్ త్వరగా పడిపోతుంది కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

గోపాలపట్నం తమ్ముడు

అందరికీ కృతజ్ఞతలు. పరీక్షశాల వారు అడిగినది నిజమే. డయాలసిస్ మొదలైన రెండు నెలల్లో హిమోగ్లోబిన్ ఆరుకు పడిపోతే మూడు సీసాల రక్తం ఎక్కించారు. దానివల్ల ఇలా కావచ్చని అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు. నిన్న ఆసుపత్రిలో అడిగితే, అన్నయ్య సీరం చివరిసారి ఇచ్చి ఏడు నెలలైందని, డీటీటీ పరీక్ష చేసినట్లు కాగితాల్లో లేదని చెప్పారు. ల్యూమినెక్స్ పరీక్షకు రేపు రక్తం ఇస్తున్నాం. నాన్నగారికి ఒకే దాత రెండు కిడ్నీల కథ చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు, తరువాత "ఈసారి ఫోన్ వస్తే నేనూ వస్తాను" అన్నారు. సీరం ఎన్నాళ్లకొకసారి ఇవ్వాలో ఒక్కటి చెప్పండి.

పరీక్షశాల

మీ ప్రయోగశాల పెట్టుకున్న నియమాన్ని అడిగి దాని ప్రకారం ఇవ్వండి. నెలకో, మూడు నెలలకో ఒకసారి తీసుకోవడం సాధారణం. ఏడు నెలలంటే చాలా ఎక్కువ. మధ్యలో ఎప్పుడైనా రక్తం ఎక్కించవలసి వస్తే ఆ సంగతి వెంటనే మార్పిడి సమన్వయకర్తకు తెలియజేసి, రెండు వారాల తరువాత ఒకసారి, నాలుగు వారాలకు మరోసారి కొత్త సీరం ఇవ్వండి. ప్రతిరక్షకాలు పైకి తేలడానికి ఆ మాత్రం వ్యవధి పడుతుంది. ల్యూమినెక్స్ నివేదిక వచ్చాక, అందులోని పేర్లను ఇక్కడ పెట్టకుండా, నేరుగా మీ వైద్యుడి దగ్గర కూర్చుని, ఏ గుర్తులున్న దాతను మొదటే వదులుకోవాలో రాయించుకోండి.